గ్రహణం రాత్రి హాస్టల్ తలుపులు తెరుద్దాం

మానవుడు చంద్రుని మీద కాలు మోపింది 1969లో. మన శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-3 చంద్రుని దక్షిణ ధ్రువానికి చేరువలో దిగింది 2023 ఆగస్టు 23న. ఆ సాయంత్రం టీవీల ముందు కూర్చుని చప్పట్లు కొట్టిన మనమే, అదే చంద్రుని మీద కాసేపు నీడ పడుతుందంటే తలుపులు వేసుకుంటాం. పొయ్యి ఆర్పేస్తాం. మంచినీళ్ల బిందెలో దర్భ పోచ వేస్తాం. రాకెట్టును నమ్మి, ఆ రాకెట్టును నడిపిన లెక్కను నమ్మకపోవడం ఏం న్యాయం? వార్షికోత్సవ సంచికలో కవితలు, కథలు, పొడుపుకథలు ఎలాగూ ఉంటాయి. వాటి మధ్య ఈ ఒక్క విషయం మీద నా అభిప్రాయం మీ ముందు పెడుతున్నాను.

నేను చెప్పదలచుకున్నది మూడు మాటలు. చంద్రగ్రహణం రాత్రి హాస్టల్ పిల్లలకు అన్నం వేళకు పెట్టాలి. తలుపులు తెరిచి అందరినీ డాబా మీదికి పంపాలి. అంతకంటే ముందు, ఆ గ్రహణం మన ఊరికి కనిపిస్తుందో లేదో ఎవరినీ అడగకుండా మనమే చెప్పగలగాలి. ఈ మూడింటిలో చివరిదే ముఖ్యమైనది. అది వస్తే మిగతా రెండూ వాటంతటవే వస్తాయి.

టెన్నిస్ బంతి, గోళీకాయ

చంద్రగ్రహణం అంటే చంద్రుని మీద భూమి నీడ పడడం. సూర్యుడు, చంద్రుడు ఎదురెదురుగా ఉండి మధ్యలో భూమి ఉన్నప్పుడే ఇది జరుగుతుంది. అంటే పౌర్ణమి నాడే. ఇంతవరకు పాఠ్యపుస్తకంలో చదివిందే. మరి ప్రతి పౌర్ణమికీ గ్రహణం ఎందుకు రాదు? పరీక్షలో ఈ ప్రశ్న అడిగితే చాలామంది ఆగిపోతారు. దీనికి ఖరీదైన ప్రయోగశాల అక్కర్లేదు. స్టడీ హాల్లోనే చూడవచ్చు.

ఒక టెన్నిస్ బంతి తీసుకోండి. అది భూమి అనుకోండి. ఒక గోళీకాయ తీసుకోండి. అది చంద్రుడు. బంతి అడ్డుకొలత ఆరున్నర సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ, గోళీది రెండు సెంటీమీటర్లకు కాస్త తక్కువ. అసలు భూమి అడ్డుకొలత 12,742 కిలోమీటర్లు, చంద్రునిది 3,474 కిలోమీటర్లు కాబట్టి ఈ నిష్పత్తి ఇంచుమించు సరిపోతుంది. ఇప్పుడు గోళీని బంతికి ఎంత దూరంలో పెట్టాలి? మన పుస్తకాల్లోని బొమ్మల్లో పక్కపక్కనే ఉంటాయి గానీ నిజానికి రెండు మీటర్ల దూరం, అంటే మన ఇనుప మంచం పొడవంత, పెట్టాలి. భూమికీ చంద్రునికీ మధ్య సగటు దూరం 3,84,000 కిలోమీటర్లు మరి.

అంత దూరంలో బంతి నీడ వెడల్పు ఐదు సెంటీమీటర్లు కూడా ఉండదు. రెండున్నర గోళీలు పక్కపక్కన పట్టేంత. చంద్రుడు తిరిగే దారి, భూమి సూర్యుని చుట్టూ తిరిగే తలానికి సుమారు 5 డిగ్రీలు వాలి ఉంటుంది. మన నమూనాలో ఆ వాలు వల్ల గోళీ నీడకు పైనో కిందో జానెడుకు కాస్త తక్కువ దూరం వరకు తప్పుకుంటుంది. ఐదు సెంటీమీటర్ల నీడ ఎక్కడ, జానెడు ఎక్కడ! అందుకే చాలా పౌర్ణములకు చంద్రుడు నీడను తగలకుండానే వెళ్లిపోతాడు. ఆ రెండు దారులూ కలిసే చోటుకు దగ్గరలో పౌర్ణమి వచ్చినప్పుడే నీడలో పడతాడు. ఆ కలిసే చోట్లకే మన పెద్దలు రాహువు, కేతువు అని పేరు పెట్టుకున్నారు. ఖగోళ గణితంలో రాహుకేతువులు రెండు బిందువులు మాత్రమే. నోరూ లేదు, పళ్లూ లేవు.

నీడలో పూర్తిగా మునిగిన చంద్రుడు నల్లబడక రాగి చెంబులా ఎర్రబడతాడు. సూర్యకాంతి భూమి చుట్టూ ఉన్న గాలిపొర గుండా వంగి ఆ నీడలోకి కొంత వెళుతుంది. దారిలో నీలి రంగు చెదిరిపోతుంది, ఎరుపు మిగులుతుంది. సాయంత్రం సూర్యుడు ఎర్రగా కనిపించేదీ ఇందుకే. ఆ సమయంలో చంద్రుని మీద ఎవరైనా నిలబడి చూస్తే భూమి చుట్టూ ఎర్రటి వలయం కనిపిస్తుంది. భూమి మీద ఆ వేళకు ఉన్న సూర్యోదయాలు, సూర్యాస్తమయాలు అన్నీ కలిసిన ఎరుపు అది. దాన్ని రక్తం అని భయపడే బదులు చూసి ఆనందించవచ్చు.

మన ఊరికి కనిపిస్తుందా?

సూర్యగ్రహణం ఒక్కో ఊరికి ఒక్కో రకంగా ఉంటుంది. చంద్రగ్రహణం అలా కాదు. నీడ పడేది చంద్రుని మీదే కాబట్టి, చంద్రుడు కనిపిస్తున్న ప్రపంచమంతటికీ అది ఒకేసారి మొదలై ఒకేసారి ముగుస్తుంది. కాబట్టి ప్రశ్న ఒక్కటే: ఆ సమయానికి మన ఆకాశంలో చంద్రుడు ఉన్నాడా? పౌర్ణమి చంద్రుడు ఇంచుమించు సూర్యుడు అస్తమించే వేళకు ఉదయించి, సూర్యుడు ఉదయించే వేళకు అస్తమిస్తాడు. అందుకే సూత్రం చాలా తేలిక. గ్రహణ సమయం మన గడియారంలో సాయంత్రం ఆరు నుంచి ఉదయం ఆరు లోపల పడితే మనకు కనిపిస్తుంది. పగలు పడితే కనిపించదు. గ్రీనిచ్ సమయం ఇస్తే దానికి ఐదున్నర గంటలు కలుపుకోవాలి. మన ప్రామాణిక కాలానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ సమీపం నుంచే పోతుందని సాంఘికశాస్త్రంలో చదువుకున్నారు కదా, అది ఇక్కడ పనికొస్తుంది.

ఈ సూత్రాన్ని కొన్ని గ్రహణాల మీద పెట్టి చూద్దాం.

2025 మార్చి 14 నాటిది సంపూర్ణ గ్రహణం. మన సమయం ప్రకారం ఉదయం పదిన్నర దాటాక మొదలై మధ్యాహ్నం రెండుంబావు దాటాక ముగిసింది. పట్టపగలు. చంద్రుడు మన కాళ్ల కింద, భూమికి అవతలి వైపు ఉన్నాడు. మనకు కనిపించలేదు.

2025 సెప్టెంబర్ 7 ఆదివారం నాటిది కూడా సంపూర్ణమే. రాత్రి 9.57కు పాక్షికంగా మొదలై, 11 గంటల నుంచి సుమారు 82 నిమిషాల పాటు చంద్రుడు పూర్తిగా నీడలో ఉండి, ఒంటిగంట ఇరవై ఏడుకు నీడ నుంచి బయటపడ్డాడు. మొదటి నుంచి చివరి దాకా దేశమంతటి ఆకాశంలోనూ చంద్రుడు ఉన్నాడు.

2026 మార్చి 3 నాటి సంపూర్ణ గ్రహణం ఇంకా మంచి లెక్క. ప్రారంభం మధ్యాహ్నం 3.20. సంపూర్ణ దశ 4.34 నుంచి 5.33 వరకు. ముగింపు 6.47 ప్రాంతం. చంద్రోదయం విశాఖపట్నంలో ఆరు దాటిన కొద్ది నిమిషాలకు, హైదరాబాదులో ఆరుంబావు దాటాక. రేఖాంశంలో ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాల తేడా. ఈ రెండు నగరాల మధ్య దాదాపు ఐదు డిగ్రీలు, అంటే ఇరవై నిమిషాలు. కాబట్టి విశాఖ వారికి గ్రహణం తోక నలభై నిమిషాలు దక్కితే, హైదరాబాదు వారికి ఇరవై నిమిషాలే. ఎర్ర చంద్రుడు రెండు చోట్లా దొరకడు.

2026 ఆగస్టు 28, రాఖీ పౌర్ణమి నాడు పాక్షిక గ్రహణం. మన సమయం ఉదయం ఎనిమిది దాటాక మొదలై పదకొండున్నర లోపు ముగింపు. ఇది కనిపించేదా, కాదా? జవాబు మీరే చెప్పండి.

2027లో వచ్చే మూడూ ఉపచ్ఛాయ గ్రహణాలే. అంటే చంద్రుడు అసలు నీడలోకి రాకుండా పలుచని నీడలో నుంచి పోతాడు. కంటికి పెద్దగా తేడా తెలియదు. 2028 జనవరి 12 నాటి చిన్న పాక్షిక గ్రహణం మనకు పగటిపూట. 2028 జూలై 6 రాత్రి పదిన్నర దాటాక మొదలయ్యే పాక్షిక గ్రహణం మనకు కనిపిస్తుంది. వర్షాకాలం కాబట్టి మబ్బు అడ్డుపడవచ్చు. 2028 డిసెంబర్ 31 రాత్రి మాత్రం నిండుగా సంపూర్ణ గ్రహణం. ఎనిమిదిన్నర దాటాక మొదలై, పది గంటలకు కాస్త ముందు నుంచి పదకొండుకు కాస్త ముందు దాకా చంద్రుడు పూర్తిగా నీడలో ఉంటాడు. కొత్త సంవత్సరం వచ్చిన కొద్ది నిమిషాలకు నీడ వదిలిపోతుంది.

2025 సెప్టెంబర్ 7 రాత్రి నాకు తెలిసిన ఒక హాస్టల్లో సాయంత్రం ఐదున్నరకే అన్నాలు పెట్టి, కిటికీలు మూసి, ఎనిమిదికే లైట్లు ఆర్పి పిల్లలను పడుకోబెట్టారు. ఆ రోజు అక్కడ పదో తరగతి చదువుతున్న పిల్లవాడు 2028 డిసెంబర్ 31 నాటికి ఆ హాస్టల్లో ఉండడు. సంపూర్ణ గ్రహణం మొదటి నుంచి చివరి దాకా నేస్తాలందరితో కలిసి చూసే అవకాశం అతనికి ఉన్నది ఆ ఒక్క రాత్రే. దాన్ని మూసిన కిటికీ మింగేసింది. రాహువు మింగిన దానికంటే ఇది పెద్ద నష్టం.

అన్నం, రోకలి, గ్రహణం మొర్రి

ఇక అన్నం సంగతి. చంద్రగ్రహణానికి తొమ్మిది గంటల ముందే సూతకం పడుతుందని అంటారు. రాత్రి పది గంటల గ్రహణానికి మధ్యాహ్నం ఒంటిగంట నుంచే పట్టింపు అన్నమాట. ఆ నియమం రాసిన పంచాంగాలే పిల్లలకు, వృద్ధులకు, రోగులకు సడలింపు ఇస్తాయి. గ్రహణం కనిపించని చోట పట్టింపే లేదంటాయి. హాస్టల్లో ఉన్నది పిల్లలే కదా! గ్రహణ కిరణాలు అన్నాన్ని విషం చేస్తాయనే మాటకు ఆధారం లేదు. చంద్రుని నుంచి వచ్చేది సూర్యుని వెలుగే, గ్రహణంలో అది తగ్గుతుందే తప్ప కొత్త కిరణం ఏదీ పుట్టదు. అన్నం పాడయ్యేది సూక్ష్మజీవుల వల్ల. ఆలోచిస్తే, మధ్యాహ్నమే వండి రాత్రి దాకా ఉంచిన అన్నమే పాడయ్యే అవకాశం ఎక్కువ.

మన పల్లెల్లో గ్రహణం పట్టగానే పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెడతారు. నిలబడింది చూశావా అంటారు. రోకలి అడుగున పొన్ను ఉంటుంది. అది చదునుగా, బరువుగా ఉంటుంది. ఓపికగా నిలబెడితే ఏ రోజైనా నిలుస్తుంది. నమ్మకపోతే వంటగదిలో రోకలి అడిగి తెచ్చి రేపే నిలబెట్టి చూడండి. గ్రహణం లేని రోజు ఎవరూ ప్రయత్నించరు కాబట్టి ఆ గొప్ప గ్రహణానికి పోయింది.

ఇవి నవ్వుకునే సంగతులు. నవ్వలేనిది ఒకటి ఉంది. పెదవి చీలి పుట్టిన బిడ్డను మన భాషలో 'గ్రహణం మొర్రి' అంటాం. ఆ పేరులోనే తల్లి మీద నింద ఉంది. గ్రహణం వేళ ఆమె కత్తి పట్టిందనో, కదిలిందనో ఊరంతా తీర్పు చెబుతుంది. ఆ భయంతోనే నిండు గర్భిణులు గ్రహణం ముగిసేదాకా అన్నం లేక, నీళ్లు తాగక, మరుగుదొడ్డికి కూడా పోకుండా చీకటి గదిలో కదలకుండా పడుకుంటారు. మన అక్కలు, వదినలు, అమ్మలే వాళ్లు.

వైద్యశాస్త్రం చెప్పేది వినండి. గర్భంలో బిడ్డ పై పెదవి రూపుదిద్దుకునేది నాలుగు నుంచి ఏడు వారాల మధ్య. అంగిలి ఆరు నుంచి తొమ్మిది వారాల మధ్య. అంటే మూడో నెల నిండకముందే ఆ పని అయిపోతుంది. ఎనిమిదో నెల తల్లి గ్రహణం రోజు కూరగాయలు తరిగితే, ఎప్పుడో అతుక్కున్న పెదవి మళ్లీ ఎలా చీలుతుంది? మొర్రికి జన్యు కారణాలు, తల్లి మధుమేహం, పొగతాగడం, గర్భంతో ఉండగా వాడిన కొన్ని మందులు వంటివి కారణమవుతాయి. ఒకే కారణం చెప్పలేని సందర్భాలే ఎక్కువ. కానీ చికిత్స ఉంది. చిన్న వయసులోనే శస్త్రచికిత్సతో పెదవిని సరిచేస్తారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పరీక్షించే లోపాల జాబితాలో ఇది కూడా ఉంది. గ్రహణాన్ని తిట్టుకుంటూ కూర్చున్న ఇంటికి ఈ సంగతి చేరదు. సెలవులకు ఇంటికి వెళ్లే మీరే చేర్చాలి. దాంతోపాటు ఆ పేరు పిలవడం మీరే మానాలి.

లెక్క ఎవరి చేతిలో ఉంది?

1503లో కొలంబస్ ఓడలు చెడిపోయి జమైకా దీవిలో చిక్కుకుపోయాడు. అక్కడి ఆదివాసులు కొన్ని నెలలు తిండి పెట్టారు. తర్వాత మానేశారు. కొలంబస్ దగ్గర ఐరోపాలో అచ్చయిన పంచాంగం ఉంది. అందులో 1504 ఫిబ్రవరి 29న చంద్రగ్రహణం అని ఉంది. మా దేవుడికి మీ మీద కోపం వచ్చింది, ఈ రాత్రి చంద్రుణ్ణి మాయం చేస్తాడు అని వాళ్లను బెదిరించాడు. చెప్పినట్టే చంద్రుడు ఎర్రబడ్డాడు. వాళ్లు ఏడుస్తూ తిండి మోసుకొచ్చారు. ఇందులో మహిమ ఏమీ లేదు. ఒకరికి లెక్క తెలుసు, ఇంకొకరికి తెలియదు. తెలియనివాళ్ల కంచంలో అన్నం తెలిసినవాడి కంచంలోకి పోయింది. తమ్ముళ్లారా, ఈ కథలో మన తాతముత్తాతలు ఏ వైపు నిలబడ్డారో నేను వేరే చెప్పనక్కర్లేదు.

అమృతం పంచిన కథ మనందరికీ తెలుసు. ఒక రాక్షసుడు వేషం మార్చుకుని దేవతల పంక్తిలో కూర్చున్నాడు. సూర్యచంద్రులు గుర్తుపట్టి చెప్పారు. తల తెగింది. ఆ తలే రాహువై పగ తీర్చుకుంటోందని పురాణం. కథను కథగా వినడంలో తప్పు లేదు. కానీ పంక్తిలో కూర్చున్నందుకు తల పోగొట్టుకున్నవాడి కథ ఇది. పంక్తి నుంచి లేపిన అవమానాలు తరతరాలుగా ఎరిగిన ఇళ్ల నుంచి వచ్చిన మనం, రాహువును చూసి భయపడడం చిత్రంగా లేదూ?

ఆర్యభటుడు 499లో, తన ఇరవైమూడో ఏట, చంద్రుణ్ణి కప్పేది భూమి నీడ అని తన గ్రంథంలో స్పష్టంగా రాశాడు. కాబట్టి ఇది పరాయి దేశపు చదువు కాదు. పదిహేను వందల ఏళ్లుగా ఈ నేల మీదే ఉంది. మన గడపల దాకా రానివ్వలేదంతే.

ఇంకొకరి గురించి చెప్పాలి. మేఘనాథ్ సాహా 1893లో ఢాకా దగ్గరి పల్లెలో ఒక చిన్న దుకాణదారుని ఇంట్లో, తక్కువదిగా చూసే కులంలో పుట్టాడు. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చదివేటప్పుడు హాస్టల్లో కొందరు అగ్రకులాల విద్యార్థులు ఆయనతో కలిసి భోజనం చేయబోమన్నారు. ఆయన విడిగా తినవలసి వచ్చింది. ఆ కుర్రవాడే నక్షత్రాల వెలుగును చదివే సూత్రం కనిపెట్టి ప్రపంచ ప్రఖ్యాతుడయ్యాడు. 1952లో మన దేశ పంచాంగాలను సరిదిద్దడానికి ప్రభుత్వం వేసిన సంఘానికి ఆయనే అధ్యక్షుడు. ఆ సంఘం సిఫారసుల ప్రకారమే 1957 మార్చి 22 నుంచి జాతీయ పంచాంగం అమలులోకి వచ్చింది. కోల్‌కతాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్ దాన్ని తెలుగు సహా అనేక భాషల్లో వెలువరిస్తుంది. గ్రహణ సమయాలు అందులో ఉంటాయి. హాస్టల్ పంక్తిలో చోటు దొరకని విద్యార్థి, దేశానికే పంచాంగం చూపించాడు. మన హాస్టల్ గోడ మీద వేలాడదీయవలసిన పటాల్లో ఆయనది ఒకటి.

పెద్దల మాట కాదనవచ్చా?

తరతరాల ఆచారం, పిల్లల చేత ధిక్కరింపజేస్తారా అని కొందరు అడగవచ్చు. ధిక్కారం కాదిది. గ్రహణం నాడు తిరుమల ఆలయం తలుపులు మూస్తారు. అక్కడికి సుమారు నలభై కిలోమీటర్ల దూరంలో ఉన్న శ్రీకాళహస్తి ఆలయం గ్రహణం వేళ కూడా తెరిచే ఉంటుంది. ఆచారంలోనే రెండు దారులు ఉన్నాయి. ఉపవాసం ఉండదలచిన వారిని ఎవరూ ఆపరు. అది వారి ఇష్టం. కానీ ప్రభుత్వ సొమ్ముతో, పిల్లల చదువు కోసం నడిచే హాస్టల్లో ఒకరి నమ్మకం కోసం వందమంది పిల్లలను అర్ధాకలితో పడుకోబెట్టే హక్కు ఎవరికీ లేదు. శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగం 51ఎ అధికరణం చెబుతోంది. ఆ రాజ్యాంగ ముసాయిదా సంఘానికి ఎవరు అధ్యక్షత వహించారో హాస్టల్ పిల్లలకు నేర్పనవసరం లేదు.

ఇది వాదనగానే మిగిలిపోకూడదు. వార్డెన్ గారికి, వంటవారికి, మీకు నా విన్నపాలు ఇవి. ఏటా జూన్‌లో హాస్టల్ తెరవగానే ఆ ఏడాది గ్రహణాల తేదీలు, మన సమయాలు రాసి, పక్కన 'కనిపిస్తుంది', 'కనిపించదు' అని తొమ్మిది, పది తరగతుల పిల్లలే తేల్చి నోటీసు బోర్డు మీద పెట్టాలి. కనిపించే రాత్రి భోజనం మెనూ ప్రకారం మామూలు వేళకే పెట్టాలి. తర్వాత పెద్ద పిల్లలు చిన్నవాళ్ల చేయి పట్టుకుని డాబా మీదికి తీసుకెళ్లాలి. చంద్రగ్రహణాన్ని ఉత్త కళ్లతో ఎంతసేపు చూసినా ప్రమాదం లేదు. సూర్యగ్రహణాన్ని మాత్రం తగిన కళ్లద్దాలు లేకుండా ఎప్పుడూ చూడకూడదు. ఈ తేడా అందరికీ గట్టిగా చెప్పాలి. నీడ అంచు ఎప్పుడు తగిలింది, రంగు ఎప్పుడు మారింది, ఎప్పుడు వదిలింది అని గడియారం చూసి నోటు పుస్తకంలో రాయాలి. జాతీయ పంచాంగంలోని సమయంతో పోల్చుకోవాలి. నీడ అంచు వంపుగా ఉందో తిన్నగా ఉందో కూడా చూడాలి. భూమి గుండ్రంగా ఉందని అరిస్టాటిల్ చెప్పిన రుజువుల్లో ఆ వంపు ఒకటి.

2028 జూలై 6న మబ్బు లేకపోతే మొదటి పరీక్ష. డిసెంబర్ 31న రెండోది. అప్పటికి మీలో కొందరు కాలేజీల్లో ఉంటారు, కొందరు పనుల్లో ఉంటారు. ఎక్కడున్నా పక్కవాళ్లు "ఈ గ్రహణం మనకుందా?" అని అడుగుతారు. జవాబు మీరే చెప్పండి. ఇప్పుడు ఆరో తరగతిలో ఉన్న తమ్ముళ్లు ఆ రాత్రి ఈ డాబా మీదే, కడుపు నిండా తిని, తలెత్తి నిలబడాలని నా కోరిక.

— ఈ హాస్టల్ పూర్వ విద్యార్థి, భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు